బుల్‌పప్ కొనాలా, బోల్ట్ రైఫిల్ కొనాలా?

ప్రశ్న: మేం డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. నాది హెచ్-1బి, మా ఆవిడది హెచ్-4. నాతో పనిచేసే ఒకతని నాన్నగారికి టెక్సస్ హిల్ కంట్రీలో రాంచ్ ఉంది. నవంబర్‌లో వైట్‌టెయిల్ జింకల వేటకి, మిగతా ఏడాదంతా అడవిపందుల కోసం రమ్మంటున్నారు. నాకు టవోర్ ఎక్స్95 అనే బుల్‌పప్ మీద మనసుంది. పొట్టిగా ఉంటుంది, కారులో పడుతుంది, మంచె మీద తిప్పుకోవడం తేలిక. ఇద్దరం ఒకటే వాడుకోవచ్చు అనుకున్నాను. మా ఆవిడది ఎడమచేతి వాటం. రాంచ్ పెద్దాయన మాత్రం "అది సైనికుడి తుపాకీ, జింకకి బోల్ట్ రైఫిల్ తెచ్చుకో" అని కొట్టిపారేశారు. ఇది పాతకాలపు పట్టుదలేనా, నిజంగా విషయం ఉందా? పందులకి లైసెన్స్ అక్కర్లేదని కూడా విన్నాను, నిజమేనా?

సమాధానం: పెద్దాయన మాటలో విషయం ఉంది. "సైనికుడి తుపాకీ" అన్నది మాత్రం సరైన కారణం కాదు. ఇవాళ వేటలో వాడే బోల్ట్ రైఫిళ్లలో (ప్రతి తూటాకీ చేత్తో పిడి లాగే రైఫిళ్లు) చాలావాటి వంశం జర్మన్ మౌజర్ రైఫిల్ దగ్గర మొదలవుతుంది, అది కూడా సైనికుడి చేతిలోదే. అసలు కారణాలు తుపాకీ లోపల ఉన్నాయి. మీ ఇంట్లో ఎడమచేతి వాటం ఉంది కాబట్టి అవి మీకు ఇంకాస్త గట్టిగా వర్తిస్తాయి. లైసెన్స్ సంగతి కిందకి వచ్చాక చెబుతాం. తుపాకీ ఎంపిక కన్నా మీకు అదే పెద్ద విషయం, దయచేసి అది చదవకుండా వదిలేయకండి.

మామూలు రైఫిల్‌లో చాంబర్ (తూటా పేలే గది), బోల్ట్ (ఆ గదిని వెనక నుంచి మూసేది), మ్యాగజైన్ (తూటాల డబ్బా) అన్నీ ట్రిగ్గర్‌కి ముందో, సరిగ్గా పైనో ఉంటాయి. వాటి వెనక ఉండే బట్ భుజానికి ఆనించుకోవడానికే. బుల్‌పప్‌లో ఆ బట్‌లోకే యంత్రమంతా తోసేస్తారు. ట్రిగ్గర్ ముందుకి, చాంబర్ మీ చెంప కిందకి వస్తాయి. బారెల్ తగ్గించకుండా మొత్తం పొడవు తగ్గించే ఉపాయమిది. ఎక్స్95కి 16.5 అంగుళాల బారెల్ ఉన్నా మొత్తం పొడవు 26 అంగుళాల పైన కొద్దిగా. అంతే బారెల్ ఉన్న పొట్టి బోల్ట్ రైఫిల్ 36 అంగుళాల దాకా వస్తుంది. 22 అంగుళాల బారెల్ ఉన్న మామూలు .308 తూటా రైఫిల్ అయితే 42. పది నుంచి పదహారు అంగుళాల తేడా చిన్నదేం కాదు.

ఈ ఆలోచన కొత్తదీ కాదు. 1901లోనే బ్రిటన్‌లో థార్నీక్రాఫ్ట్ కార్బైన్ అనే బోల్ట్ బుల్‌పప్ తయారైంది, సైన్యం తీసుకోలేదు. 1970ల చివర్లో ఆస్ట్రియా సైన్యం ఆగ్ అనే బుల్‌పప్‌ని, ఫ్రాన్స్ సైన్యం ఫామాస్‌ని తీసుకున్నాక ఆ పద్ధతికి ఊపొచ్చింది. మన నౌకాదళం మార్కోస్ కమాండోల ఫొటోల్లో కనిపించేది టవోర్. కవచ వాహనంలోంచి దిగేవాడికి, ఇంట్లో గది గది వెతికేవాడికి ఆ పది అంగుళాలు ప్రాణంతో సమానం. అయినా ఫ్రాన్స్ 2017 నుంచి మామూలు నమూనా హెచ్‌కే416కి మారింది. చైనా కూడా తన బుల్‌పప్‌ని పక్కనపెట్టి క్యూబీజెడ్-191 తెచ్చుకుంది. ఆస్ట్రేలియా, బ్రిటన్ ఇంకా వదల్లేదు. సైన్యాల్లోనే తెగని వాదన కాబట్టి అక్కడి తీర్పు మనకి పనికిరాదు. జింక కోసం మాటు వేసినవాడి పని వేరు: గంటల తరబడి కూర్చోవాలి, ఒక్క తూటా, అది వంద గజాల్లో కాఫీ సాసరంత చోట పడాలి.

అక్కడ మొట్టమొదట అడ్డుపడేది ట్రిగ్గర్.

బుల్‌పప్‌లో మీరు లాగే ట్రిగ్గర్ ముందుంటుంది, సుత్తిని పట్టి ఉంచే సియర్ వెనక బట్‌లో ఉంటుంది. రెంటినీ కలుపుతూ పొడవాటి కడ్డీ. వేలు కదిపితే ముందు ఆ కడ్డీ కదలాలి, దాని కీళ్లలో వదులు తీరాలి, అప్పుడు సియర్ జారాలి. వేలికి తెలిసేది జిగట జిగటగా సాగే లాగుడు. ఎక్కడ తెగుతుందో ముందే తెలియదు. పాత టవోర్‌లో ఈ లాగుడు బరువు పది పౌండ్ల దరిదాపుల్లో ఉండేది. ఎక్స్95లో చాలా మెరుగుపరిచారు, కంపెనీ లెక్క 5-6 పౌండ్లు. బజార్లో దొరికే ఖరీదైన ట్రిగ్గర్ సెట్ వేయిస్తే ఇంకాస్త శుభ్రపడుతుంది. అదే సావేజ్ అక్యూట్రిగ్గర్‌నో, టిక్కా ట్రిగ్గర్‌నో మూడు పౌండ్లకి మీరే తిప్పుకోవచ్చు. గాజు పుల్ల విరిగినట్టు ఒక్కసారి తెగుతుంది.

ఈ తేడా ఎందుకంత ముఖ్యమంటే, ఎక్స్95 బరువే దాదాపు 8 పౌండ్లు. దాని బరువుకి దగ్గర దగ్గరగా వేలితో లాగుతుంటే మూతి కదలకుండా ఎలా ఉంటుంది? బల్ల మీద ఇసుక సంచి ఆసరాతో కాల్చినప్పుడు ఈ లోపం బయటపడదు. అందుకే రేంజ్‌లో బాగానే ఉందనిపిస్తుంది. మోకాలి మీద, కర్ర ఆసరాతో, గుండె దడదడలాడుతుండగా కాల్చినప్పుడు బయటపడుతుంది. జింక పొట్టలో గుండు పడి, రాత్రంతా నెత్తుటి జాడ వెతికే పని చాలాసార్లు ఇలాంటి లాగుడుతోనే మొదలవుతుంది.

బరువు పంపకం కూడా ఇందులో భాగమే. బుల్‌పప్‌లో బరువంతా భుజం దగ్గరుంటుంది. ఒక్క చేత్తో పట్టుకోవడానికి అది హాయి, ఒప్పుకోవాలి. నిలబడి గురి చూసేటప్పుడు మాత్రం ముందు బరువు లేని మూతి గాలికి ఆకులా ఊగుతుంది. పరుగెత్తే పంది వెంట తుపాకీ తిప్పినప్పుడు పొడవాటి బారెల్ బరువు ఆ తిప్పుడుని సాఫీగా కొనసాగిస్తుంది. పొట్టిది వేగంగా కదులుతుంది, అంతే వేగంగా ఆగిపోతుంది. గుండు పంది వెనక పడుతుంది.

ఇక చాంబర్. పాత వేటగాళ్లు బుల్‌పప్‌ని ఇష్టపడకపోవడానికి మాకు తెలిసి ట్రిగ్గర్ కన్నా ఇదే బలమైన కారణం, పైకి మాత్రం తక్కువమంది చెబుతారు. బోల్ట్ రైఫిల్ పిడి ఎత్తి వెనక్కి లాగి పెడితే తుపాకీ ఖాళీగా ఉందని పది అడుగుల దూరంలో ఉన్నవాడికి కూడా కనిపిస్తుంది. కంచె దాటేటప్పుడు, ట్రక్కు ఎక్కేటప్పుడు, మంచె నిచ్చెన దగ్గర, అందరూ ఒకరి బోల్ట్ ఒకరు చూసుకుంటారు, మాట్లాడనక్కర్లేదు. బుల్‌పప్‌లో చాంబర్ మీ దవడ కింద, పక్కన చిన్న కిటికీ వెనక ఉంటుంది. ఖాళీ అని తేల్చుకోవాలంటే మ్యాగజైన్ తీయాలి, హ్యాండిల్ లాగి బోల్ట్ వెనకే నిలిచేలా చేయాలి, తుపాకీ పక్కకి వంచి లోపల చూడాలి, చీకట్లో అయితే చిటికెన వేలు పెట్టి తడమాలి. ఇదంతా చేస్తున్నప్పుడు 26 అంగుళాల తుపాకీ మూతి ఎటు తిరుగుతోంది? పొట్టి తుపాకీ మూతి మీ పాదం మీదికో, పక్కవాడి మోకాలి మీదికో వెళ్లడానికి మణికట్టు కొద్దిగా తిరిగితే చాలు. ముందు చెయ్యి పట్టుకునే చోటు నుంచి మూతికి ఉన్న దూరం కూడా తక్కువే. చెయ్యి జారి ముందుకెళ్లకుండా అలవాటు చేసుకోవాలి.

బారెల్‌లో మట్టి ఇరుక్కున్నా, తప్పు తూటా పడ్డా చాంబర్ పగిలే ప్రమాదం ఏ తుపాకీకైనా ఉంది. బుల్‌పప్‌లో ఆ పగిలేది చెంప కింద. తయారీదార్లు అక్కడ రక్షణ పెడతారు, అయినా మీ జాగ్రత్త మీది. ముఖ్యంగా ఒకటి: ఎక్స్95 మామూలుగా .223 తూటాకి చేసింది, .300 బ్లాక్‌ఔట్ అనే మరో తూటాకి కూడా వస్తుంది. ఆ .300 తూటా .223 మ్యాగజైన్‌లో చక్కగా పడుతుంది, కొన్ని రకాలు .223 చాంబర్‌లోకి కూడా వెళ్లిపోతాయి. ట్రిగ్గర్ లాగితే లావు గుండు సన్నటి బారెల్‌లో పట్టదు, తుపాకీ పేలిపోతుంది. రాంచ్‌లో ఎవరి దగ్గరైనా .300 బ్లాక్‌ఔట్ ఉంటే మీ మ్యాగజైన్లకి రంగు టేపు చుట్టండి, తూటాల పెట్టెలు ఒకే సంచిలో వేయకండి.

మాటు వేసేవాడికి మరో చిక్కు చప్పుడు. తెల్లారకముందు మంచె ఎక్కి కూర్చున్నాక తూటా చాంబర్‌లోకి ఎక్కించాలి, ఎక్కేటప్పుడు కాదు. బోల్ట్ రైఫిల్‌లో పిడిని వేళ్లతో మెల్లగా తోసి కిందికి దింపితే పక్కన కూర్చున్నవాడికే వినపడదు. సెమీ ఆటోమేటిక్‌లో (ఒకటి కాల్చగానే తర్వాతి తూటాని తనే ఎక్కించుకునేది) బోల్ట్ స్ప్రింగ్ బలంతో దడేల్మని ముందుకి పోవాలి. చప్పుడు తగ్గిద్దామని హ్యాండిల్ పట్టుకుని మెల్లగా వదిలితే అది పూర్తిగా మూసుకోకపోవచ్చు, జింక వచ్చాక ట్రిగ్గర్ లాగితే టిక్కుమని ఊరుకుంటుంది. ఇది బుల్‌పప్ తప్పు కాదు, సెమీ ఆటోమేటిక్‌లన్నిటిదీ. కానీ మీరు చూస్తున్న బుల్‌పప్ అదే జాతి. అలాగే పదునైన సీసపు మొన ఉన్న కొన్ని వేట తూటాలు సెమీ ఆటోమేటిక్‌లో మ్యాగజైన్ నుంచి చాంబర్‌లోకి సరిగ్గా ఎక్కక ఇరుక్కుంటాయి. బోల్ట్‌లో అయితే ఇరుకుతున్నట్టు చేతికే తెలుస్తుంది.

ఇప్పుడు మీ ఆవిడ సంగతి. "ఇద్దరం ఒకటే వాడుకోవచ్చు" అన్నది ఈ తుపాకీతో కుదరదు. ఎక్స్95 నుంచి కాలిన ఖాళీ కేసు (తూటా ఇత్తడి తొడుగు) పక్క కిటికీలోంచి కుడివైపుకి ఎగురుతుంది. కుడి భుజం మీద పెట్టినవాడికి అది చెంపకి అవతలి వైపు. ఎడమ భుజం మీద పెట్టి చెంప ఆనిస్తే ఆ కిటికీ సరిగ్గా ముఖం పక్కన ఉంటుంది. వేడి కేసు, గ్యాస్ దవడకి తగులుతాయి. ఎడమచేతి బోల్ట్ విడిగా కొని, కిటికీ అటు మార్చుకోవచ్చు, కానీ మార్చాక అది మీకు పనికిరాదు. తుపాకీ విప్పి చేయాల్సిన పని, మనిషి మారినప్పుడల్లా మంచె మీద చేసేది కాదు. కెల్‌టెక్ ఆర్‌డీబీ కేసుని కిందికి, ఆర్‌ఎఫ్‌బీ ముందుకి వదులుతాయి కాబట్టి ఈ ఒక్క సమస్య వాటికి లేదు. మిగతావన్నీ ఉన్నాయి.

రెండోది బట్ పొడవు, అంటే ట్రిగ్గర్ నుంచి భుజానికి ఆనే చోటుకి దూరం. అయిదడుగుల మూడు, నాలుగు అంగుళాల మనిషికి 12.5 నుంచి 13 అంగుళాలు సరిపోతుంది. బుల్‌పప్‌లో బట్ లోపలే యంత్రం ఉంది కాబట్టి దాన్ని కోసి పొట్టి చేయడం కుదరదు. చాలావాటిలో ఆ దూరం 15 అంగుళాల దగ్గర ఉంటుంది. చలికోటు వేసుకుంటే ఇంకో అంగుళం. అప్పుడు మనిషి తల ముందుకి చాచి, భుజం వెనక్కి వంచి కాలుస్తుంది. స్కోప్‌లో నల్లటి నీడ, భుజానికి దెబ్బ. పోనీ వెనక రబ్బరు ప్యాడ్ సన్నది వేద్దామంటే చట్టం అడ్డొస్తుంది. 1934 నాటి నేషనల్ ఫైర్‌ఆర్మ్స్ యాక్ట్ ప్రకారం రైఫిల్ మొత్తం పొడవు 26 అంగుళాల కన్నాగానీ, బారెల్ 16 అంగుళాల కన్నాగానీ తగ్గితే అది ప్రత్యేక రిజిస్ట్రేషన్ కావాల్సిన తుపాకీ అయిపోతుంది. ఎక్స్95 ఆ గీత మీద పావు అంగుళం కూడా మిగల్లేదు. ప్యాడ్ మార్చిన పుణ్యానికి ఫెడరల్ నేరం నెత్తికెక్కుతుంది.

స్కోప్ ఎత్తు గురించి ఎవరూ ముందు చెప్పరు, మంచె కిటికీ చెక్కకి చిల్లు పడ్డాక తెలుస్తుంది. బోల్ట్ రైఫిల్‌లో స్కోప్ మధ్యగీత బారెల్ మధ్యగీతకి అంగుళంన్నర పైన. బుల్‌పప్‌లో బట్ వెనక దాకా నేరుగా ఉంటుంది కాబట్టి కన్ను ఎత్తులో ఉంటుంది, స్కోప్ రెండున్నర అంగుళాలు, అంతకు మించి పైకి పోతుంది. వంద గజాలకి సరిచేసుకున్న .223 తుపాకీ పాతిక గజాల్లో సుమారు అంగుళంన్నర కింద కొడుతుంది, బోల్ట్‌లో ముప్పావు అంగుళం. జింకకి అది పెద్ద తేడా కాదు. కానీ స్కోప్‌లో దారి ఖాళీగా కనిపిస్తుంటే మూతి ఇంకా కిటికీ గుమ్మం కింద ఉండవచ్చు, ట్రక్కు బానెట్ కింద ఉండవచ్చు. పొట్టి తుపాకీ మూతి కిటికీ బయటికి రాదు కూడా. కాబట్టి గుండు చెక్కలోంచి పోతుంది. అదే కారణంతో మూతి దగ్గరి పేలుడు మొత్తం ఆ పెట్టెలాంటి మంచెలోనే మోగుతుంది. చెవులకి 140 డెసిబెల్స్ ఒక్కసారి తగిలినా నష్టమే. .308 దాన్ని బాగా దాటుతుంది. చెవి ప్లగ్గులు, మఫ్‌లు రెండూ పెట్టుకోండి, పక్కన కూర్చున్నవాళ్లు కూడా. మంచెలో తుపాకీ పొడవు అడ్డం అన్నది మీ ప్రశ్నలో ఉంది కదా, దానికి జవాబు ఇదే: పొడవాటి బారెల్ కిటికీ దాటి బయట ఉండటమే మీకు కావాల్సింది.

తూటా విషయానికొస్తే, టెక్సస్‌లో వైట్‌టెయిల్‌కి సెంటర్‌ఫైర్ (అడుగు నడిమధ్యన నిప్పు అంటుకునే తూటా) ఉంటే చాలు, .223 చెల్లుతుంది. చెల్లడం వేరు, చాలడం వేరు. 16 అంగుళాల బారెల్ నుంచి 62 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే గుండు బరువు కొలత) .223 గుండు మూతి దగ్గర 1,100 ఫుట్ పౌండ్ల శక్తితో బయల్దేరుతుంది. 20 అంగుళాల బారెల్ .308 నుంచి 150 గ్రెయిన్లది దానికి రెట్టింపుకు పైనే. .223తోనే వెళ్తానంటే బాండెడ్ సాఫ్ట్ పాయింట్ (మెత్తటి సీసపు మొన, తొడుగుకి అతికించిన సీసం ఉన్న గుండు)గానీ మొత్తం రాగి గుండుగానీ వాడండి. సైనిక రకం ఫుల్ మెటల్ జాకెట్ సన్నటి కన్నం చేసి దాటిపోతుంది, జంతువు గాయంతో పారిపోయి ఎక్కడో చస్తుంది. దూరం 150 గజాల లోపు. జింక సరిగ్గా పక్కకి తిరిగి నిలబడ్డప్పుడే, ముందుకాలి వెనక, ఒళ్లు ఎత్తులో కింది నుంచి మూడో వంతు దగ్గర. పంది గుండె, ఊపిరితిత్తులు జింకలో కన్నా కిందికీ ముందుకీ ఉంటాయి. జింకని కొట్టే చోటే పందిని కొడితే పొట్టలో పడుతుంది. పందికి ముందుకాలి గీత మీదే పెట్టండి. పెద్ద మగపందికి భుజం మీద మందమైన కవచంలాంటి చర్మం ఉంటుంది, .223కి అది పరీక్షే.

.308లో బుల్‌పప్‌లు లేకపోలేదు. టవోర్ 7, డెజర్ట్ టెక్ ఎండీఆర్‌ఎక్స్ ఉన్నాయి. గ్యాస్ యంత్రం వల్ల భుజానికి దెబ్బ మెత్తగా తగులుతుంది కూడా. కానీ స్కోప్ పెట్టకుండానే తొమ్మిది పౌండ్ల చేరువ, ధర రెండు వేల డాలర్ల పైమాటే.

బుల్‌పప్ గెలిచే చోటు కూడా చెప్పాలి, లేకపోతే ఇది పక్షపాతమే అవుతుంది. రాత్రి పందుల గుంపు మీదికి, చీకట్లో ఒంటి వేడిని చూపే థర్మల్ స్కోప్‌తో వెళ్లేటప్పుడు ఆ స్కోప్ బరువే ఒక పౌండ్ పైన ఉంటుంది. మామూలు రైఫిల్ మీద అది పైనా ముందూ పడి చేతులు నొప్పెడతాయి. బుల్‌పప్ బరువు భుజం దగ్గర ఉంటుంది కాబట్టి ఆ థర్మల్‌ని గంటలకొద్దీ మోయవచ్చు. గుంపు చెదిరాక రెండో తూటా, మూడో తూటా వెంటనే కావాలి, అక్కడ సెమీ ఆటోమేటిక్ మేలు. దూరం డెబ్భై గజాలే, ట్రిగ్గర్ జిగట అంతగా బాధించదు. మెస్కీట్ తుమ్మల్లో దూరి నడిచేటప్పుడు భుజానికి తగిలించుకున్న పొడవాటి బారెల్ ప్రతి కొమ్మకీ తగులుతుంది, పొట్టిది తగలదు. పంది వేట మీకు నిజంగా అలవాటయ్యాక, రెండో తుపాకీగా, మీ ఒక్కరికే అయితే ఎక్స్95 కొనుక్కోండి. అప్పుడు పది తూటాల మ్యాగజైన్ తీసుకోండి. ముప్పైది వెనక ఉంటుంది కాబట్టి బల్ల మీద తగిలి తుపాకీ కిందికి దిగదు, బట్ కింద సంచి పెట్టుకోవడానికి చోటివ్వదు.

వేరే రాష్ట్రానికి వేటకి వెళ్లేట్టయితే అక్కడి నియమాలు ముందు చూసుకోండి. పెన్సిల్వేనియాలో జింకకి సెమీ ఆటోమేటిక్ రైఫిల్ చెల్లదు, బోల్ట్ ఎక్కడికి తీసుకెళ్లినా ఆ పేచీ రాదు.

లైసెన్స్ సంగతి. మీరు విన్నది సగం నిజం. 2019 సెప్టెంబర్ 1 నుంచి టెక్సస్‌లో ప్రైవేటు భూమిలో, యజమాని అనుమతితో అడవిపందిని వేటాడటానికి హంటింగ్ లైసెన్స్ అక్కర్లేదు. అది వేట గురించిన రాష్ట్ర నియమం. తుపాకీ చేతిలో ఉండటం గురించిన ఫెడరల్ నియమం వేరు. నాన్ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీగానీ తూటాలుగానీ కలిగి ఉండటం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. హెచ్-1బి, హెచ్-4, ఎఫ్-1 అన్నీ ఇందులోకి వస్తాయి, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకి మాత్రం ఇది వర్తించదు. దీనికి ఉన్న మినహాయింపుల్లో మీలాంటివాళ్లకి పనికొచ్చేది ఒకటే: అమెరికాలోని ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్స్. అంటే పందికి రాష్ట్రం అడగకపోయినా, తుపాకీ ముట్టుకోవడానికే మీకు లైసెన్స్ కావాలి. కొనేటప్పుడు షాపులో నింపే 4473 ఫారంలో వీసా ప్రశ్న ఉంటుంది, అక్కడ అబద్ధం రాయడం విడిగా ఇంకో నేరం. లైసెన్స్, ఐ-94 (అమెరికాలోకి వచ్చిన రికార్డు) వివరాలు, చిరునామా రుజువు తీసుకెళ్లండి.

ఎక్కువమంది పడే గొయ్యి గడువు దగ్గర ఉంది. టెక్సస్ లైసెన్స్ ఎప్పుడు కొన్నా ఆగస్టు 31తో ముగుస్తుంది. సీజన్ అయిపోయిందని కొత్తది తీసుకోకపోతే సెప్టెంబర్ 1న మీ అలమారాలో తుపాకీ ఉండటమే నేరం. కొత్త ఏడాది లైసెన్సులు ఆగస్టు మధ్యలోనే అమ్ముతారు, అప్పుడే తీసుకోండి. మీ ఆవిడకి విడిగా ఆమె పేరు మీద లైసెన్స్ ఉండాలి. రేంజ్‌లో అద్దె తుపాకీ ఓసారి పట్టుకుని చూడటానికైనా అంతే. ఆమెకి లేకుండా ఇంట్లో బీరువా తాళం చెవి ఆమెకి అందేలా ఉన్నా చిక్కే. 1971 సెప్టెంబర్ 2న, ఆ తర్వాత పుట్టినవాళ్లు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు కూడా పూర్తిచేయాలి. 17 నిండినవాళ్లు అది ఆన్‌లైన్‌లోనే ముగించవచ్చు. వీసా పునరుద్ధరణలు నడుస్తున్న మనుషులు కాబట్టి, కొనే ముందు మీ ఇమ్మిగ్రేషన్ లాయర్‌తో ఒక్క పది నిమిషాలు మాట్లాడండి. ఆ ఫీజు దండగ కాదు. మీకు తెలిసే ఉంటుంది, మన దగ్గర 1972 వన్యప్రాణి చట్టం కింద వేట నేరం. ఇక్కడ దిగిన ఫొటోలు ఊళ్లో బంధువుల గ్రూపులో పెట్టేటప్పుడు అది టెక్సస్ అని రాస్తే అనవసరమైన ప్రశ్నలు రావు.

ఏది కొనాలి? 20 లేదా 22 అంగుళాల బారెల్ ఉన్న బోల్ట్ రైఫిల్, 6.5 క్రీడ్‌మూర్ తూటాకిగానీ .308కిగానీ చేసింది. ఇద్దరూ వాడాలి కాబట్టి మొదటిదే మేలు, దెబ్బ తక్కువ. సేఫ్టీ బోల్ట్ వెనక నడిమధ్యన, బొటనవేలి కింద ఉన్నది ఎంచుకోండి, ఏ చేతికైనా అందుతుంది. రూగర్ అమెరికన్, సావేజ్ రెంటికీ అలాగే ఉంటుంది. టిక్కాది కుడిపక్కన ఉంటుంది, ఎడమచేతి వాటానికి ఇబ్బంది. రూగర్ అమెరికన్ రెండో తరంలో బట్ పొడవు స్పేసర్ తీసి 12 అంగుళాల దాకా తగ్గించుకోవచ్చు, మీ ఆవిడకి అది, మీకు స్పేసర్‌తో. కుడిచేతి బోల్ట్‌ని ఎడమ భుజం నుంచి వాడటం మంచె మీద అసాధ్యమేం కాదు: తుపాకీ ముందు భాగం సంచి మీద ఉంటుంది కాబట్టి ఎడమ చెయ్యి ట్రిగ్గర్ దగ్గరే ఉంచి, కుడి చేత్తో బోల్ట్ ఆడించాలి. కళ్లకి రక్షణ అద్దాలు తప్పనిసరి. ఆమెకి వేట నచ్చితే వచ్చే ఏడాది ఎడమచేతి మోడల్ కొనండి, రెండు కంపెనీలూ చేస్తాయి. రైఫిల్‌కి అయ్యేది సుమారు 500-600 డాలర్లు. ఎక్స్95 ధరతో పోలిస్తే మిగిలిన డబ్బులో మంచి స్కోప్ 3-9 రెట్లది, దాన్ని బిగించే రింగులు, ఒకే రకం తూటాలు అయిదు పెట్టెలు వచ్చేస్తాయి.

కొనే ముందు రేంజ్‌లో రెండు రకాలూ అద్దెకి తీసుకుని ఇలా చూడండి. ముందు తూటా లేకుండా, చాంబర్‌లో స్నాప్ క్యాప్ (పేలని ఉత్తుత్తి తూటా) పెట్టి, బారెల్ మూతి దగ్గర పైన ఒక క్వార్టర్ నాణెం నిలబెట్టకుండా పడుకోబెట్టి ట్రిగ్గర్ లాగండి. పదిసార్లలో నాణెం ఎన్నిసార్లు పడింది? తర్వాత బల్ల వదిలేసి, కుర్చీలో కూర్చుని కర్ర ఆసరాతో వంద గజాల్లో అయిదు తూటాలు, ఒక్కో తూటాకి మధ్య తుపాకీ దించి మళ్లీ ఎత్తుతూ. ఆరు అంగుళాల వలయంలో అయిదూ పడాలి. బుల్‌పప్‌తో కాల్చేటప్పుడు రెండో తూటా నుంచి గుండ్లు పడే చోటు కిందికి, ట్రిగ్గర్ వేలు ఉన్న వైపుకి వ్యతిరేకంగా జారుతుంటే, అది ఇందాక చెప్పిన లాగుడు. బోల్ట్‌తో కూడా అలాగే జారితే తప్పు వేలిది, రోజూ ఇంట్లో స్నాప్ క్యాప్‌తో ఇరవైసార్లు లాగితే నెలలో సర్దుకుంటుంది. కొన్నాక పాతిక గజాల్లో మొదలుపెట్టి వంద గజాల్లో స్కోప్ సరిచేయండి. 150 గ్రెయిన్ల .308 అయితే రెండొందల గజాల్లో సుమారు నాలుగు అంగుళాలు కింద పడుతుంది, అది కాగితం మీద ఓసారి కాల్చి చూసుకోండి. వేటకి తీసుకెళ్లే పెట్టెలోంచే కాల్చండి. బ్రాండ్ మారితే గుండు పడే చోటు మారుతుంది, ఆ సంగతి నవంబర్ తెల్లారుజామున మంచె మీద తెలుసుకోవాల్సింది కాదు.